బిడ్డ బదులు ఆడిన వారం

అడవిపందిని చంపితే ఆ ఫోను ఆటలో ఏమొస్తుందో నాకు తెలుసు. ఒక కోర, ఒక తోలుముక్క, మన బొమ్మ తల మీద కనబడే గీతలో ఆవగింజంత పెరుగుదల. ఆ గీత నిండితే బొమ్మ ఒక లెవెల్ పైకెక్కుతుంది. ఎక్కగానే గీత మళ్లీ ఖాళీ. మళ్లీ పందులు, ముందుకన్నా ఎక్కువ పందులు. బెల్లం బట్టీ దగ్గర వయసంతా అరగదీసిన నాకు, పని అయిపోయాక చేతికి ఏదో ఒకటి రావాలన్న పట్టింపు ఉంది. చెరుకురసం కాగబెడితే బెల్లం వస్తుంది. ఇక్కడ పందిని చంపితే ఇంకో పందిని చంపే అర్హత వస్తుందట. దీన్ని కనిపెట్టినవాడు ఎదురుపడితే నిలబెట్టి నాలుగు మాటలు అడిగేవాణ్ని.

డెబ్బై దాటిన మనిషికి ఈ సంగతులన్నీ ఎందుకని మా ముసలిది ఇప్పటికీ అంటుంది. నాకెందుకు? నా బిడ్డకు కావలసి వచ్చింది కాబట్టి.

మా బిడ్డా అల్లుడూ ఆ ఆట ఆడతారు. అల్లుడు మస్కట్‌లో రోడ్లు వేసే కంపెనీలో పనిచేస్తాడు. బిడ్డ ఎల్లారెడ్డిలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఎండాకాలంలో అక్కడ మిట్టమధ్యాహ్నం బయటి పని ఆపేస్తారు. ఆ తీరికలో అల్లుడు గదిలో మంచం మీద వాలి ఫోను తెరుస్తాడు. ఇక్కడ బిడ్డ ఒళ్లో చాట దించి ఫోను తెరుస్తుంది. ఇద్దరూ ఆ ఆటలో కలుస్తారు. అతని బొమ్మ డాలు పట్టుకున్న సిపాయి, ముందు నిలబడి దెబ్బలు తింటుంది. ఆమె బొమ్మ మందులామె, వెనక నిలబడి సిపాయి ప్రాణం తగ్గినప్పుడల్లా మందు వేస్తుంది. రాక్షసులు, గుహలు, రెక్కల గుర్రాలు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడానికి ఇంత తతంగం కావాలా?

ఆ మాటే నేను ఎన్నోసార్లు అడిగాను.

"ఆయనకు ఫోన్ల మాట రాదు బాపు," అనేది బిడ్డ.

ఫోనులోనే కాదు, ఎదురుగా ఉన్నా రాదు. అతను మా బట్టీలో ఎన్నో సీజన్లు పనిచేశాడు. అమ్మానాయినా లేని పిల్లగాడు, పని ఒడుపుగా చేసేవాడు, మా బిడ్డను ఇచ్చి చేశాను. అన్నేళ్లలో అతని నోటి నుంచి నేను విన్నది "సరే మామా". అంతకుమించి ఏమైనా అన్నాడేమో నాకు గుర్తు లేదు, నాకు గుర్తు లేనివి తక్కువ.

పెండ్లయిన మరుసటేడు, బట్టీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, ఒకనాడు పొద్దున అతను రాలేదు. పెనంలో రసం పొంగుతోంది. పైకి తేలిన మడ్డి తీసే మనిషి లేడు. మనిషిని పంపితే, నిన్ననే బొంబాయి బస్సెక్కాడన్నారు. అక్కడి నుంచి మస్కట్. బిడ్డకు తెలుసు, మా ముసలిదానికి తెలుసు, వాడకట్టుకంతా తెలుసు. నాకు ఒక్కడికి తెలియదు. ఆనాటి పెనం మాడిపోయింది. ఆ మాడు వాసన నా ముక్కులో ఉండిపోయింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా "మంచిగున్నవా" అంటాను, "మంచిగున్న మామా" అంటాడు. అంతే. పోయినోడు పోయిండు, చెప్పి పోతే ఏమైతుండె? నా కోపం ఆ ఒక్క ముక్క మీదే.

బట్టీ మూతబడి చాలాకాలమైంది. కోపం మూతబడలేదు.

ఈ ఎండాకాలం బిడ్డకు కడుపునొప్పి వస్తే కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయాం. కడుపులో గడ్డ ఉంది, తీసేయాలన్నారు. తీసిన తర్వాత ముక్కను పట్నానికి పరీక్షకు పంపుతారట. అది మామూలు గడ్డో చెడ్డ గడ్డో వారంలో తేలుతుందట. ఆ డాక్టరమ్మ అంతా ఇంగ్లీషులో చెప్పి, చివర "భయం లేదు" అని మాత్రం తెలుగులో అంది. భయం సంగతి తెలుగులో చెప్పేవాళ్లు మిగతాది కూడా తెలుగులో చెప్పవచ్చు కదా.

బిడ్డ భయం వేరు. మా ముసలిది నీళ్లకు బయటికి పోయేదాకా ఆగి నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"బాపు, ఆయనకు తెల్వద్దు."

"ఎట్ల తెల్వకుంటది?"

"తెలిస్తే వచ్చేస్తడు. పోయినసారి నాకు డెంగీ అయితే ఏం జేసిండు? ఎవరో ఫోన్ జేసి చెప్పిన్రని సూపర్‌వైజర్‌తోని కొట్లాడి ఇమానమెక్కిండు. మళ్ల పని దొరుకుటానికి ఎంత తక్లీఫ్ అయ్యిందో నీకెర్కనే. ఇప్పుడు గట్ల వస్తే ఇగ ఆ దేశంలనే అడుగు పెట్టనియ్యరట. రెండు నెల్లు ఆగితే సెలవు మీద మంచిగ వస్తడు."

"మరి ఏం చెప్తవ్?"

"ఏం చెప్ప. పగటేల ఆట్ల కనబడితే చాలు. నేను రాకుంటెనే అనుమానమొస్తది."

"ఆపరేషన్ అయిన మనిషివి ఎట్ల కనబడుతవ్?"

ఆమె నా వైపు చూసింది. చిన్నప్పుడు బట్టీ దగ్గర వేడి బెల్లం ముద్ద కావాలని అడగకుండా అడిగే చూపు అది.

"నువ్వు ఆడాలె బాపు."

అప్పుడే నీళ్ల సీసాతో లోపలికి వచ్చిన మా ముసలిది అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిడ్డ కడుపు కోస్తారని పొద్దుటినుంచి ఏడుస్తున్న మనిషి, ఆ వారంలో నవ్వింది అదే మొదలు.

"ఈయననా? ఫోను ఎత్తుమంటే కోసేస్తడు, కోసెయ్యిమంటే ఎత్తుతడు. ఈయన ఆడుతడా?"

"నువ్వు ఊకో," అన్నాను. "ఊకె కనబడితే సరిపోతదా బిడ్డా?"

"సరిపోదు. ఆయన దినాం కొంచెం కొంచెం ఎక్కుతడు. నేను ఎనుకబడితే పెద్ద గేట్లల్ల నన్ను రానియ్యరు. ఎందుకు ఆడుతలెవ్వని అడుగుతడు. పొద్దుగాల పందులను కొట్టి లెవెల్ ఎక్కియ్యి, పగటేల ఆయనతోని పో."

బిడ్డ ఫోను నా చేతికి వచ్చింది, అట్లా మొదలైంది నా చదువు. నేను బడి ముఖం చూసినవాణ్ని కాదు. బెల్లం ముద్దలు చుట్టడానికి కామారెడ్డి గంజ్ నుంచి పాత పేపర్లు కట్టలుగా వచ్చేవి. మంట ముందు కూర్చొని వాటితోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నా లోకజ్ఞానం చిరిగిన ముక్కలుగా ఉంటుంది. ఒక ఊళ్లో ఒక పటేలును ఎవరో చంపారని సగం పేపరు చదివాను, మిగతా సగం ఏ ముద్దకు చుట్టి ఏ ఊరికి పోయిందో. ఎవరు చంపారో ఈనాటికీ తెలియదు, ఈనాటికీ దాని మీద నాకు చిరాకే. ఇంగ్లీషు లారీల వెనక రాతలతో వచ్చింది. అట్లా నేర్చుకున్నవాడికి ఫోనులో బొమ్మ నడపడం రాదా?

రాలేదు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో కొట్టాలి. ఇది మందు, ఇది పెద్ద మందు, ఇది ముట్టకూడనిది.

"ఈ గుండ్రం ముట్టితే పైసలు గుంజుతది బాపు, ముట్టకు."

"మరి గంత పెద్దగ ఎందుకు పెట్టిన్రు?"

"ముట్టాల్ననే."

మాటలు రాయాలంటే మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలట, అదే తెలుగులో రాసుకుంటుంది. నేనేమేం అనవచ్చో కూడా బిడ్డే చెప్పింది. "ఉన్న", "తిన్నవా", "సరే పా", "ఎండల తిరుగకు". అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనవద్దని ఒట్టు వేయించుకుంది.

మరునాడు పొద్దున ఆమెను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. బయట బల్ల మీద మా ముసలిది దేవుళ్లందరినీ ఒక్కొక్కరినే పిలుస్తోంది. నాకు కూర్చుంటే నిలబడబుద్ధి, నిలబడితే నడవబుద్ధి. ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతుంటే నర్సు, "తాతా, ఒక్కకాడ కూసో, కండ్లు తిరుగుతున్నయి," అంది. కూర్చున్నాను. ఫోను తెరిచాను. పందులు.

నిజం చెప్పాలంటే పందులను కొట్టే పని ఒక్కటి నాకు నచ్చింది. మా వైపు మక్కజొన్న చేన్లు పెట్టిన ఎవరినైనా అడగండి, ఒక్క రాత్రిలో చేను చేనంతా దొర్లించి పోతాయి. ఏళ్లతరబడి డబ్బాలు కొట్టి, మంటలు పెట్టి, అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాం. ఇక్కడ బొటనవేలు ఆనిస్తే పడిపోతున్నాయి. "నీయవ్వ, ఇంగ రా," అనుకుంటూ కొడుతున్నాను. పక్కన కూర్చున్నాయన, రామారెడ్డి ఊరి నుంచి భార్యను తీసుకొచ్చాడట, చాలాసేపు చూసి దగ్గరికి జరిగాడు.

"పెద్దాయనా, రమ్మీనా? వద్దే, కొంపలు మునుగుతయి."

"రమ్మీ గాదు. పందులు."

"వారీ! పందుల మీద గూడ పందేలు గడుతున్రా?"

నాకు మండింది. కానీ అతనికి ఏమని చెప్పను? లోపల నా బిడ్డకు ఆపరేషన్ అవుతుంటే, ఆమె మొగుడికి ఆ సంగతి తెలియకుండా ఉండడానికి పందులను చంపుతున్నానని చెబితే మనిషి నమ్మే మాటేనా? "అవునయ్యా, గడుతున్న," అన్నాను. అతను బల్ల అవతలి కొసకు జరిగాడు.

పగటేలకు బిడ్డను మంచం మీదికి తెచ్చారు. మత్తులో ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను ఆ ముఖం చూస్తూ ఉండగానే చేతిలో ఫోను చిన్నగా మోగింది. డాలు సిపాయి వచ్చాడు.

నా బొమ్మకు ఎదురుగా వచ్చి ఒకసారి వంగి లేచాడు. అది వాళ్ల పలకరింపు అయి ఉంటుంది. తిరిగి ఎట్లా వంగాలో బిడ్డ నాకు నేర్పలేదు. అందుకని అతని చుట్టూ ఒక చక్కర్ కొట్టాను.

"ఏమైంది, కోడి లెక్క తిరుగుతున్నవ్?" అని రాశాడు.

"ఉన్న," అన్నాను మైకులో.

"ఉన్నవని కనబడుతనే ఉన్నది. తిన్నవా?"

"తిన్నవా."

"నేనడిగితే నన్నే అడుగుతవేంది? నేను తిన్న. మా రూంల ఉండే బీబీపేటాయన పప్పు మాడబెట్టిండు. మాడిందంటే ఒప్పుకోడు. మస్కట్ పప్పు వాసననే గంత అంటడు. ఆయనతోని వాదించుడు కన్న మాడింది తినుడు నయం."

ఆ రాతను రెండుసార్లు చదివాను. ఇది మా అల్లుడేనా? "సరే మామా" అల్లుడు? ఇంత మాట ఇతని లోపల ఎక్కడుంది?

అది మొదలు ప్రతిరోజూ రాసేవాడు. ముందు నడుస్తూ, కత్తి ఆడిస్తూ, మధ్యమధ్య ఆగి రాసేవాడు. రోడ్డు మీద తారు పోస్తుంటే బట్టీ యాదికొస్తదన్నాడు. "గీడ గూడ మంటనే, గీడ గూడ నల్లగ కాగుడే. గని గాడ మంచి వాసన." సూపర్‌వైజర్ మలబారువాడు, పాటలు బాగా పాడతాడట, తిట్టేటప్పుడు కూడా రాగంతోనే తిడతాడట. ఈసారి వస్తే ఇంటి ముందు రేకులు మారుస్తాడట. నేను "ఉన్న", "సరే పా" అంటూ వెనక నడిచేవాణ్ని, అతని ప్రాణం చూపే పచ్చగీత తగ్గితే మందు వేసేవాణ్ని. మందు వేయడంలో నాకు తొందరగానే చేయి తిరిగింది. పెనం మీద కన్ను వేసి ఉంచినట్టే. ఒక్క చూపు తప్పినా పోతుంది.

కానీ ఆ రాతలు చదువుతుంటే నాకు లోపల కుదురు ఉండేది కాదు. నాకోసం రాసినవి కావవి. తలుపు సందులో నుంచి ఒకరి ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టుండేది. చదవకుండా ఉందామంటే అవే ముందుకొచ్చి నిలబడతాయి. బిడ్డ మధ్యమధ్య కళ్లు తెరిచి, "ఏమన్నడు?" అనేది. "పప్పు మాడిందట," అనేవాణ్ని. నవ్వితే కుట్లు లాగేవి ఆమెకు, "నవ్వియ్యకు బాపు," అని కళ్లు మూసుకునేది.

ఇంటి దగ్గర బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చాం. దాన్ని చూసి, బట్టలు తేవడానికని నేను ఒకనాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాను. బర్రె ఒక సాకు. దవాఖాన గోడల మధ్య నాకు ఊపిరి ఆడలేదు. ముందురోజు రిజల్టు సంగతి అడిగితే కౌంటరు దగ్గరి పిల్లవాడు ముఖం ఎత్తకుండా "రాలే" అన్నాడు. ఎప్పుడొస్తుందంటే "వచ్చినప్పుడు" అన్నాడు. ముఖం ఎత్తి చెబితే ఏమరుగుతుంది?

బస్సులో కూర్చొని పందులు మొదలుపెట్టాను. లింగంపేట దాటాక అడవి తగిలింది, సిగ్నల్ పోయింది. తెర మీద బొమ్మ ఒక కాలు ఎత్తి అట్లాగే ఆగిపోయింది. మళ్లీ సిగ్నల్ వచ్చేసరికి మందులామె నేల మీద పడి ఉంది, చుట్టూ పందులు. సంపాదించిన గీతలో కొంత కోసేశారు. సిగ్నల్ లేకపోవడం ఆమె తప్పా? బస్సులోనే గట్టిగా తిట్టాను. కండక్టర్ తననే అనుకొని, "ఏమైంది పెద్దాయనా, చిల్లర ఇచ్చిన గద," అన్నాడు.

అప్పుడొక పని చేశాను. మందులామె తల మీద పూలకిరీటం ఉండేది. చూడడానికి బాగుంటుంది, దెబ్బకు ఆగదు. దాన్ని ఆట అంగట్లో అమ్మేసి ఇనుప టోపీ కొన్నాను. ప్రాణం దక్కించుకోవడానికి పోయే మనిషికి పూలెందుకు?

ఆ మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో మా అరుగు మీద కూర్చొని ఉండగా సిపాయి వచ్చాడు.

"గా టోపీ ఏంది?"

"ఎండ," అన్నాను.

 ఇద్దరం నక్కలను కొట్టాం. ఒక వాగు దాటాం. వాగు అవతల ఆగి రాశాడు.

"మీ బాపు ఎట్లున్నడు? ఇంక నా మీద కోపంగనే ఉన్నడా?"

 ఏమనాలి? బిడ్డ చెప్పిన మాటల్లో దీనికి జవాబు లేదు. లేదని అంటే అబద్ధం.

"ఉన్నడు," అన్నాను.

"ఉండనియ్యి. చెప్పకుంట పోయిన గద. నీకెర్కనే, చెప్పాల్ననే ఆయన ఎనుక మస్తు తిరిగిన. దగ్గరికి పోంగనే ఏదో ఒకటి తిడుతుండె. మంట ఎక్కువైందని. మడ్డి తియ్యలేదని. మంట తగ్గిస్తే తగ్గిందని. మాట నోటిదాక వచ్చి మళ్ల లోపటికి పోయేది. ఇప్పుడు గూడ ఫోన్ల ఆయన గొంతు వింటే ముందుగాల్ల మంట చూసుకోబుద్ధి అయితది."

నేను ఫోను అరుగు మీద పెట్టి లేచాను. నేను తిట్టానా? మంట ఎక్కువైతే మరేమంటారు, దండం పెడతారా? పెనం నిండా ఒక రైతు చెరుకు కాగుతుంటే ముద్దుగా పిలిచి చెప్పాలా? వీధి చివరిదాకా నడిచి వచ్చాను. చెప్పాలనుకున్నాడట. నా వెనకే తిరిగాడట. నేను చూడలేదు, నా కన్ను పెనం మీదుంది. తిరిగి వచ్చేసరికి తెర మీద ఇంకో మాట ఉంది.

"ఉన్నవా?"

"ఉన్న," అన్నాను.

సాయంత్రం బస్సుకే కామారెడ్డి చేరాను. బర్రె ఎట్లుందని ముసలిది అడిగితే, ఏ బర్రె అన్నానట.

రిజల్టు ఆ రోజు రాలేదు, మరునాడూ రాలేదు. "రేపు డాక్టరమ్మనే చెప్తది," అన్నారు. ఆ పూట అల్లుడు ఉత్సాహంగా వచ్చాడు. పెద్ద గేటుకు కావలసిన లెవెల్ ఇద్దరికీ సరిపోయిందట, ఎన్నో రోజులుగా దాని కోసమే చూస్తున్నారట. బిడ్డ మంచం మీద వెనక్కి వాలి కూర్చుంది. ముఖంలో కాస్త రక్తం కనబడుతోంది. "పో బాపు. భద్రం. అండ్ల మంటల రాక్షసుడుంటడు," అంది.

గేటు లోపల ఒక పెద్ద గుంత. గుంత నిండా ఎర్రగా కాగుతున్న మంటద్రవం. మధ్యలో రాక్షసుడు నడుముదాకా మునిగి నిలబడ్డాడు. సిపాయి అంచు మీద నిలబడి కొడుతున్నాడు, నేను వెనక నుంచి మందు వేస్తున్నాను. అతని పచ్చగీత చూడాల్సినవాణ్ని, నా చూపు గుంత మీదికి పోయింది. బుడగలు. మొదట పెద్దపెద్దవి, బద్ధకంగా లేచి పగులుతున్నాయి. కాసేపటికి చిన్నవయ్యాయి, దగ్గరదగ్గరగా వచ్చాయి. ఎరుపు తిరిగి ముదురుతోంది. ఈ రంగు నాకు తెలుసు. ఈ బుడగ నాకు తెలుసు. ఇంకొక్క క్షణం ఆగితే పెనం మీదికి పొంగుతుంది. నా వేలు మైకు మీద ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

"దించు! దించురా, పాకం ముదిరింది, దించు!"

వార్డంతా నా వైపు తిరిగింది. తెర మీద సిపాయి ఒక్క గంతులో వెనక్కి దూకాడు. ఆలోచించి దూకలేదు, ఆ మాటకు అతని ఒళ్లు అట్లా అలవాటు పడి ఉంది. వెంటనే గుంత భగ్గుమని పైకి లేచింది. అతను నిలబడ్డ చోటంతా మంట. మేమిద్దరం బతికాం.

మంట ఆరింది. రాక్షసుడు అరుస్తూనే ఉన్నాడు. సిపాయి కదలలేదు.  తర్వాత ఒక్క మాట వచ్చింది.

"మామా?"

ఫోను మంచం మీద బోర్లా పెట్టాను.

"ఏమైంది?" అంది ముసలిది.

"దొరికిపోయిన."

బిడ్డకు అర్థమైంది. లేవబోయి, కుట్లు లాగి, మళ్లీ వాలింది. "కాదను బాపు. నేనే అని చెప్పు. బాపు పక్కకు కూసున్నడు, ఆయన అరిచిండు అని చెప్పు. నీ కాళ్లు మొక్కుత, వచ్చేస్తడు ఆయన."

చెప్పవచ్చు. అతను నమ్మేవాడు కూడా. కానీ ఇన్నేళ్లు నేను దేని మీద కోపం పెట్టుకొని కూర్చున్నాను? అందరికీ తెలిసి నాకు ఒక్కడికి చెప్పలేదనే కదా. ఇప్పుడు ఈ వార్డులో రామారెడ్డి ఆయనతో సహా అందరికీ తెలుసు. తెలియనిది అతనికి ఒక్కడికే. ఆమె అతని పెళ్లాం.

ఫోను తిప్పి మైకు నొక్కాను. "నేనే. మీ మామను."

మరుక్షణం ఫోను మోగింది. ఎత్తాను. అవతల ఫాను గిరగిర తిరుగుతున్న చప్పుడు, ఎవరో "ఏమైందిరా" అంటున్న గొంతు, బీబీపేటాయన అయి ఉంటాడు.

"ఆమె ఏడుంది మామా?"

"గీడనే. నా ముంగట్నే. కామారెడ్డి దవాఖానల. కడుపుల గడ్డ తీసిన్రు. మంచిగనే మాట్లాడుతుంది. ముక్కను పరీక్షకు పంపిన్రు, రేపు చెప్తరు."

"ఎప్పుడు తీసిన్రు?"

"నువ్వు పప్పు మాడిందన్ననాడు."



"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పని ఇడిసి ఉరికొస్తవని."

"నన్నొక్క మాట అడుగకుంటనే?"

"నువ్వడిగినవా నన్ను, పోయేటప్పుడు?"

అనేశాను. వార్డులో అంతమంది ముందు. ముసలిది తల పట్టుకుంది. ఇంత గడబిడలో ఆ లెక్క ఇప్పుడా అన్నట్టు బిడ్డ నన్ను చూసింది. అవతల మళ్లీ ఫాను. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు అతని గొంతు వచ్చింది. బట్టీలో నేను ఎన్నడూ వినని గొంతు, తెర మీద చదువుకున్న గొంతు.

"అడుగలే మామా. తప్పే. గని ఇప్పుడు నువ్వు చెప్పినవ్ గద. నువ్వు చెప్పకుంట ఇంకెవడన్న చెప్తే వచ్చేటోన్ని. పోయినసారి గట్లనే వచ్చిన, ఎవడో చెప్పిండని, మీరందరు దాస్తున్రని. దాస్తున్రంటే మనిషి పోయిందేమో అనిపిస్తది. నువ్వున్నవ్ గద గాడ?"

"ఉన్న."

"నిజం చెప్తవ్ గద? రేపు ఏమన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తవ్ గద?"

"చెప్త."

"అయితే రాను. సెలవుకే వస్త. ఆమెకియ్యి."

బిడ్డ ఫోను తీసుకొని గోడ వైపు తిరిగింది. "ఏడుస్తున్నవా? ఏడువకు. అయ్యో, బీబీపేటాయన పక్కకు ఉంటడు గద, ఇంటడు," అనడం విన్నాను. అంతకుమించి వినకూడదని వరండాలోకి పోయాను. ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. నర్సు ఏమీ అనలేదు.

మరునాడు డాక్టరమ్మ మామూలు గడ్డేనంది. ఈసారి మొత్తం తెలుగులో చెప్పిందో, లేక నాకే మొత్తం అర్థమైందో. ఆమె గదిలోంచి నేను బయటికి రాకముందే మస్కట్‌కు ఫోను కలిపాను. అక్కడ పని వేళ, ఎత్తడనుకున్నాను. మొదటి మోతకే ఎత్తాడు. "మామూలుదే," అన్నాను. "సరే మామా," అన్నాడు. ఆ పాత మాటే. ఎంత మార్పో అందులో.

ఇంటికి వచ్చాక బిడ్డ ఆట తెరిచి మందులామెను చూసుకుంది. మా అరుగు మీది నుంచి వీధి చివరిదాకా వినబడింది ఆమె గొంతు.

"నా పూలకిరీటమేది? బాపు! ఎన్ని నెల్లు తిప్పలపడి తెచ్చుకున్ననో ఎర్కనా? ఈ ఇనుప గిన్నె ఏంది నా నెత్తి మీద?"

అంత గట్టిగా అరవగలిగిందంటే కుట్లు మానినట్టే. ఏమీ అనకుండా తిట్లు తిన్నాను. మా ముసలిది మాత్రం, "అమ్ముకోని తిన్నడేమో చూడు," అంది.

ఫోను బిడ్డకు తిరిగి పోయింది. మంచిదే, నాకేం పని లేదా? కానీ మధ్యాహ్నమయ్యేసరికి నా బొటనవేలు దానంతట అదే కదిలేది. అరుగు మీద కూర్చుంటే నిలబడబుద్ధి, నిలబడితే బిడ్డ ఇంటి వైపు నడవబుద్ధి. రెండురోజులు చూసింది బిడ్డ.

"బాపు, నీకో బొమ్మ చేయాల్నా?"

"నాకెందుకు? పందులను కొట్టేటందుకా?"

"ఏం బొమ్మ గావాలె చెప్పు. సిపాయా, మందులోడా?"

"మంట పెట్టేటోడు ఉంటడా?"

ఉంటాడట. మా ముసలిదాని ఫోనులో చేసిపెట్టింది. ముసలిది తనకేమీ ఇష్టం లేనట్టే ఉంటుంది గానీ, మధ్యాహ్నం ఛార్జింగ్ నింపి అరుగు మీద పెట్టి పోతుంది. ఆ రోజు ముగ్గురం కలిసి ఒక గుహలోకి పోయాం. ముందు సిపాయి, వెనక ఇనుప టోపీతో మందులామె, పక్కన నేను. నక్కలు ఎదురొచ్చాయి. కుడి బొటనవేలు ఆనించి మంట వదిలాను. గుహంతా ఎర్రబడింది. నక్కలతో పాటు మా సిపాయి డాలు కూడా అంటుకుంది.

తెర మీద రాత వచ్చింది.

"మంట ఎక్కువైంది మామా. తగ్గియ్యి."

నాకా చెప్పేది, మంట సంగతి? మైకు నొక్కి గట్టిగా ఒకటి అందామనుకున్నాను. తర్వాత తగ్గించాను.